జీన్లు జట్టుగా పోయాయా, విడివిడిగానా? ఇలా తేల్చండి

ఒకే మెటబాలిక్ పాత్‌వేలోని (కణం ఒక పదార్థాన్ని మెట్టుమెట్టుగా మార్చే చర్యల వరుసలోని) జీన్లు కలిసి పరిణామం చెందుతాయని, అంటే పోతే కలిసే పోతాయని, నా విద్యార్థులెవరైనా అంటే, చేసి చూపించమంటాను. మొదటి అభ్యాసానికి ఈస్ట్‌ గాలక్టోజ్ అనే చక్కెరను వాడుకునే పాత్‌వేనే ఇస్తాను. చిన్నది, కథ మాత్రం పెద్దది.

మామూలు బ్రెడ్ ఈస్ట్ అయిన శాకరోమైసిస్ సెరివీసియేలో గాల్1, గాల్7, గాల్10 జీన్లు రెండో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. వాటి ప్రోటీన్ సీక్వెన్సులు దించుకుని, ఓ ఇరవై ఈస్ట్ జీనోమ్‌లలో బ్లాస్ట్‌తో (పోలిన సీక్వెన్సులను వెతికిపెట్టే ప్రోగ్రామ్‌తో) వెతకండి. దగ్గరి జాతులతో పాటు దూరపువీ ఉండాలి. జీన్ ఉంటే 1, లేకపోతే 0 అని పట్టిక వేయండి.

ఇక్కడే గాల్3 బోల్తా కొట్టిస్తుంది. అది గాల్1కి అచ్చం తోబుట్టువులా ఉంటుంది, కానీ గాలక్టోజ్ ఉందని పసిగట్టడమే దాని పని, ఎంజైమ్‌గా (రసాయన చర్య జరిపే ప్రోటీన్‌గా) పని చేయదు. అందుకే దొరికిన సీక్వెన్స్‌తో వెనక్కి, సెరివీసియే జీనోమ్‌లో కూడా వెతకండి. తిరిగి గాల్1 దగ్గరికే వస్తేనే 1.

ప్రోటీన్లలో దొరకలేదని 0 వేసేముందు డీఎన్‌ఏలో కూడా చూడండి. కాండిడా గ్లాబ్రాటా అనే ఈస్ట్‌లో ఈ జీన్లు అసలు లేవు. శాకరోమైసిస్ కుడ్రియవ్‌జెవీ జపాన్ స్ట్రెయిన్లలో (ఒకే జాతిలోని రకాల్లో) మాత్రం ఉండాల్సిన చోటే, చెడిపోయి కనిపిస్తాయి. అదే జాతి పోర్చుగల్ స్ట్రెయిన్లలో చక్కగా పనిచేస్తున్నాయి! కాబట్టి పట్టికలో స్ట్రెయిన్ పేరు కూడా రాయాల్సిందే.

ఇక అసలు పని. పట్టికను వంశవృక్షం మీద పెట్టండి. పది జాతుల్లో మూడు జీన్లూ లేవని సంబరపడకండి. వాటి ఉమ్మడి పూర్వీకుడే పోగొట్టుకుని ఉంటే, అది ఒక్క సంఘటన కిందే లెక్క. వేర్వేరు కొమ్మల్లో, వేర్వేరుగా, మూడూ పోతేనే సాక్ష్యానికి బలం. చాలామంది ఈ మెట్టు దాటేసి కోరిలేషన్ లెక్కలు (ఏ జీన్లు ఎంతగా కలిసి ఉంటున్నాయనే లెక్కలు) వేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

లెక్క తేలాక కారణం వెతకండి. గాల్1 గాలక్టోజ్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ పదార్థాన్ని గాల్7 ముందుకు పంపిస్తుంది. గాల్7 ఒక్కటే చెడితే గాలక్టోజ్-1-ఫాస్ఫేట్ పేరుకుని కణానికి విషమవుతుంది. అలాంటప్పుడు గాల్1 కూడా పోవడమే కణానికి మేలు. మనుషుల్లో క్లాసిక్ గాలక్టోసీమియా అనే జబ్బుకి మూలం కూడా ఈ మెట్టు చెడడమే.

పోల్చుకోవడానికి విటమిన్ సి తయారుచేసే పాత్‌వేను కూడా ఇలాగే చేయండి. మనుషుల్లో, గినీ పందుల్లో చివరి మెట్టు ఎంజైమ్‌ను తయారుచేసే గులో జీన్ మాత్రమే చెడింది. ముందు మెట్లు వేరే పనులకూ కావాలి కాబట్టి అవి మిగిలాయి.