మోకాలి అల్ట్రాసౌండ్: తెర మీద నలుపు కనిపిస్తే ముందు ఏం చూడాలి

మోకాలి స్కాన్ నేర్చుకునేటప్పుడు అందరినీ తికమకపెట్టేది నలుపే. కీలులో చేరిన నీరు నల్లగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థి కూడా నల్లగానే ఉంటుంది. తెగిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) నల్లబడుతుంది, ప్రోబ్ (చర్మానికి ఆనించి స్కాన్ చేసే పరికరం) కాస్త వాలితే తెగని టెండన్ కూడా నల్లబడుతుంది. కొత్తగా చేసేవాళ్ల రిపోర్టుల్లో నేను చూసిన పొరపాట్లు చాలావరకు మూడు చోట్ల మొదలయ్యాయి: ప్రోబ్ ఎటు వాలింది, చెయ్యి ఎంత నొక్కింది, మోకాలు ఎంత మడిచి ఉంది. అందుకే ఏ తేడా కనిపించినా ముందు ఈ మూడింటినీ మార్చి చూడమంటాను. జబ్బు పేరు ఆ తర్వాత.

బొమ్మ మొత్తం మసకగా ఉంది, లేదా ఒక పక్క చీకటిగా ఉంది

తెరలో ఒక అంచు పైనుంచి కిందిదాకా నల్లబడితే ప్రోబ్ ఆ కొసన చర్మానికి ఆనలేదని అర్థం. మోకాలి చిప్ప చుట్టూ ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి సందుల్లో గాలి చేరుతుంది. వెంట్రుకలు దట్టంగా ఉన్నా అంతే. జెల్ ధారాళంగా వేస్తే చాలు, నొక్కాల్సిన పనిలేదు.

అంతా మసకగా ఉంటే ప్రోబ్, లోతు, ఫోకస్ చూసుకోండి. ముందువైపు భాగాలకు 10 మెగాహెర్ట్జ్ పైన ఉండే లీనియర్ ప్రోబ్, 3 నుంచి 4 సెంటీమీటర్ల లోతు సాధారణంగా సరిపోతాయి. ఫోకస్ మనం చూస్తున్న భాగం దగ్గరే ఉండాలి. మోకాలి వెనకవైపు, అందులోనూ కాలు లావుగా ఉంటే, ఫ్రీక్వెన్సీ తగ్గించాలి. అవసరమైతే కర్వ్‌డ్ ప్రోబ్ తీసుకోవాలి. గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచి నెట్టుకొద్దామని చూస్తే నల్లగా ఉండాల్సిన నీరు కూడా బూడిద రంగుకి తిరుగుతుంది, అసలు తేడానే పోతుంది.

టెండన్ మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తోంది

మోకాలి స్కాన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. టెండన్‌లో పోగులు దారాల కట్టలాగా ఒకే దిశలో ఉంటాయి. తరంగం వాటిమీద నిటారుగా పడితే తిరిగి ప్రోబ్‌కే వస్తుంది, టెండన్ వెండి జరీలా మెరుస్తుంది. నాలుగైదు డిగ్రీలు వాలినా ప్రతిధ్వని పక్కకు పోయి అదే టెండన్ నల్లగా కనిపిస్తుంది. దీన్ని అనైసోట్రపీ అంటారు. చిప్ప కింది కొన దగ్గర పటెల్లార్ టెండన్ (చిప్ప నుంచి కాలి ఎముకకు దిగేది) లోపలి పోగులు, చిప్ప పైఅంచున అతుక్కునే క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండరం) పోగులు కొంచెం వంపు తిరుగుతాయి. మచ్చ ఎక్కువగా అక్కడే వస్తుంది. పటెల్లార్ టెండన్ జబ్బు కూడా ఎక్కువగా వచ్చేది సరిగ్గా చిప్ప కింది కొన దగ్గరే కావడంతో పొరబడటం మరీ సులువు.

మోకాలు పూర్తిగా చాచి ఉంటే ఈ రెండు టెండన్లూ వదులై అలలాగా పడుకుంటాయి. కాబట్టి ముందు మోకాలి కింద చుట్టిన తువ్వాలు గానీ చిన్న దిండు గానీ పెట్టి 20 నుంచి 30 డిగ్రీలు మడవండి. టెండన్ బిగుస్తుంది.

తర్వాత చేతిపని. చిటికెన వేలు పేషెంట్ చర్మానికి ఆనించి, ప్రోబ్‌ను ఉన్నచోటే ఉంచి, ఒక కొసను కాస్త నొక్కి రెండో కొసను కాస్త వదలండి, మడమ మీద, మునివేళ్ల మీద మార్చిమార్చి ఊగినట్టు. కళ్లు తెరమీదే ఉండాలి. మచ్చ ఉన్నచోట పోగులు ఒక్కొక్కటిగా వెలిగి, ఇంకాస్త ఊపితే వెలుగు పక్కకు జరిగి, నలుపు ఇంకోచోటికి మారుతుంది. అలా జరిగిందంటే టెండన్ బాగానే ఉంది. ఎటు ఊపినా మచ్చ అక్కడే ఉండి, ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి చూసినా అదే చోట కనిపించి, అక్కడ టెండన్ లావెక్కి పోగుల గీతలు చెదిరి ఉంటే అప్పుడు నమ్మండి. పూర్తిగా తెగిందని అనుమానం ఉంటే మోకాలిని మెల్లగా, నొప్పి పుట్టని మేరకు కదిలించి చూడండి. తెగిన కొసలు ఒకదానికొకటి దూరం జరగడం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో మోకాలు కూడా చూడటం మర్చిపోవద్దు. అందుకు పట్టేది రెండు నిమిషాలు.

మోకాలు వాచి కనిపిస్తోంది, స్కాన్‌లో నీరు లేదు

ఈ పొరపాటు నేనే చేశాను. మొదట్లో ఒకసారి, చిప్ప చుట్టూ ఉండే పల్లాలు పూడిపోయిన మోకాలిలో నీరు లేదని రాశాను. పక్కనున్న సీనియర్ నా చేతిమీద చెయ్యి వేసి ప్రోబ్‌ను కొంచెం పైకెత్తారు, అంతే. తెరమీద నల్లటి చీలిక ఒకటి నెమ్మదిగా తెరుచుకుంది. నా చేతి బరువుకే అక్కడి నీరు పక్కకు తప్పుకుందని అప్పుడు తెలిసింది.

నీరు చేరే ముఖ్యమైన చోటు చిప్పకు పైన, క్వాడ్రిసెప్స్ టెండన్ అడుగున ఉండే సంచి. దాని పైన ఒక కొవ్వు దిమ్మ, కింద తొడ ఎముకను ఆనుకుని ఇంకో కొవ్వు దిమ్మ ఉంటాయి. ఆ రెండింటి మధ్య సన్నటి సందులో వెతకాలి. మోకాలు కొద్దిగా మడిచి, ప్రోబ్ బరువు జెల్ మీదే ఉందా అన్నట్టు పట్టుకోండి. జెల్ పొర తెర పైభాగంలో కనిపిస్తూ ఉంటే ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు. అప్పటికీ కనిపించకపోతే పేషెంట్‌ను తొడ కండరం బిగించమనండి, లేదా ఖాళీ చేత్తో చిప్పకు రెండు పక్కలా మెల్లగా అదమండి. నీరు సంచిలోకి వస్తుంది. చిప్పకు రెండు పక్కలా ప్రోబ్‌ను అడ్డంగా పెట్టి చూడటం కూడా ఉండాలి, బయటి పక్కన ముఖ్యంగా. కొద్ది నీరు మధ్యలో కనిపించకుండా అక్కడే దాక్కుంటుంది.

ఇలా వెతికితే మామూలు మోకాలిలో కూడా పలుచటి నీటి గీత దొరకొచ్చు. దాన్ని జబ్బుగా రాయకండి. చిప్ప మీది తిత్తికి వాపు వచ్చినప్పుడు కూడా నొక్కుడు సంగతి ఇంతే. అది చర్మం కిందే ఉంటుంది కాబట్టి దాన్ని చూడాలంటే మందంగా జెల్ వేసి ప్రోబ్ తేల్చాల్సిందే.

నలుపు ఉంది, కానీ అది నీరా, ఉబ్బిన పొరా?

ఇక్కడ మాత్రం కావాలనే నొక్కండి. నీరైతే పక్కకు జారిపోతుంది. ఉబ్బిన సైనోవియల్ పొరైతే (కీలు లోపలి గోడను కప్పే పొర) కొంచెం అణుగుతుంది గానీ పోదు. దానిలో డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగులో చూపే పద్ధతి) రంగు కూడా రావచ్చు, నీటిలో రాదు. నీటిలో తెల్లటి రేణువులు తేలుతుంటే అది రక్తమా, చీమా అన్నది స్కాన్ చూసి తేల్చలేం. జ్వరం, ఎర్రదనం, కాలు కదపలేనంత నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా సూదితో నీరు తీసి పరీక్షకు పంపాలి. దెబ్బ తగిలిన మోకాలిలో నీరు పొరలుగా విడిపోయి పైన కొవ్వు తేలితే కీలులోపల ఎముక విరిగి ఉండొచ్చు. ఎక్స్‌రే మామూలుగా ఉందన్నా మళ్లీ చూడమనండి.

డాప్లర్‌లో రంగు రావడం లేదు

టెండన్ నిర్మాణం చూడటానికి మోకాలు మడిచాం కదా, అదే భంగిమలో డాప్లర్ పెట్టడమే ఇక్కడ జరిగే పొరపాటు. బిగిసిన టెండన్‌లో సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి. దిండు తీసేసి, కాలు చాపి, కండరం వదులు చేయించి, ప్రోబ్ తేలిగ్గా ఉంచి మళ్లీ చూడండి. నెమ్మదైన ప్రవాహం కూడా కనిపించాలంటే పీఆర్‌ఎఫ్ (సెకనుకు పంపే తరంగాల సంఖ్య) 1 కిలోహెర్ట్జ్ లోపు, వాల్ ఫిల్టర్ (నెమ్మదైన కదలికలను తీసేసే సెట్టింగు) తక్కువలో ఉండాలి. కలర్ గెయిన్‌ను ఎముక కింద రంగు చుక్కలు చిమ్మేదాకా పెంచి, అవి మాయమయ్యేదాకా తగ్గించండి. ఎముక కింద నిజంగా రక్తప్రవాహం కనిపించడానికి వీల్లేదు కాబట్టి ఆ చుక్కలన్నీ నాయిసే. గెయిన్ పెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి నాకు దొరకలేదు.

మృదులాస్థి మీద తెల్లటి గీత కనిపిస్తోంది

మోకాలు వీలైనంత మడిచి, చిప్పకు పైన ప్రోబ్ అడ్డంగా పెడితే తొడ ఎముక మృదులాస్థి నల్లటి పట్టీలా కనిపిస్తుంది. నలుపు చూసి నీరనుకోకండి, అది ఎముక వంపును అంటిపెట్టుకునే ఉంటుంది, నొక్కినా కదలదు. దాని పైఅంచున తెల్లగీత ఉంటే గౌట్ (యూరిక్ ఆమ్లం కీళ్లలో చేరే జబ్బు) స్ఫటికాలు కావచ్చు, ఊరికే తరంగం నిటారుగా పడటం వల్ల వచ్చిన మెరుపూ కావచ్చు. ప్రోబ్ వాల్చండి. మెరుపైతే పోతుంది. స్ఫటికాల పూత కోణం మారినా నిలుస్తుంది, కాస్త గరుకుగా ఉంటుంది. తెల్లదనం పైఅంచున కాకుండా మృదులాస్థి మందం మధ్యలో ఉంటే కాల్షియం పైరోఫాస్ఫేట్ అనే ఇంకో రకం స్ఫటికాల గురించి ఆలోచించాలి.

మోకాలి వెనక తిత్తి

1877లో బ్రిటిష్ సర్జన్ విలియం మోరంట్ బేకర్ వివరించిన తిత్తి ఇది, ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టి లోపలి పక్కన అడ్డంగా చూడండి. గ్యాస్ట్రోక్నీమియస్ (పిక్క కండరం) లోపలి తలకూ సెమిమెంబ్రనోసస్ (తొడ వెనక కండరం) టెండన్‌కూ మధ్యనుంచి కీలులోకి వెళ్లే మెడ కనిపించాలి. మెడ చూపించలేకపోతే బేకర్ తిత్తి అని రాయొద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అదే చోట పాప్లిటియల్ ధమని (మోకాలి వెనక రక్తనాళం) ఉబ్బు ఉండొచ్చు, మెనిస్కస్ (కీలు ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) తిత్తి ఉండొచ్చు, నీటిలా నల్లగా కనిపించే కణితి కూడా ఉండొచ్చు. డాప్లర్ పెట్టకుండా అక్కడ సూది దింపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సెమిమెంబ్రనోసస్ టెండన్ అడ్డకోతలో గుండ్రంగా, వాలితే నల్లగా ఉండి చిన్న తిత్తిలా మోసం చేస్తుంది. ప్రోబ్ ఊపితే తెల్లబడుతుంది.

పిక్కలో హఠాత్తుగా నొప్పి, వాపు వస్తే తిత్తి పగిలి నీరు కండరం మీదుగా కిందికి జారి ఉండొచ్చు. సిరలో గడ్డ కట్టినా సరిగ్గా ఇలాగే ఉంటుంది, రెండూ కలిసీ రావచ్చు. తిత్తి దొరికిందని ఆగిపోకుండా సిరలను నొక్కి, పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూసి తీరాలి.

పక్క లిగమెంట్లు

బయటి లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టే పట్టీ) అలలా కనిపిస్తే వదులుగా ఉండటమే కారణం కావచ్చు. కాలు చాపి, మోకాలిని బయటికి కొద్దిగా వంచే ఒత్తిడి ఇస్తే నిటారవుతుంది. దాని పై కొన కింద గాడిలో నల్లగా ఉండేది చాలాసార్లు పాప్లిటియస్ (మోకాలి వెనక చిన్న కండరం) టెండనే, నీరు కాదు. లోపలి లిగమెంట్‌ను పొడవునా, తొడ ఎముక నుంచి కీలు దాటి చాలా కిందిదాకా చూడండి. కీలు దగ్గరే ఆగితే కింది చివర దెబ్బ తప్పిపోతుంది.

మెనిస్కస్, క్రూసియేట్ లిగమెంట్ సరిగా కనిపించడం లేదు

దీనికి సెట్టింగులతో పరిష్కారం లేదు. ఎముక తరంగాలను ఆపేస్తుంది కాబట్టి మెనిస్కస్ బయటి అంచు మాత్రమే అందుతుంది. ముందువైపు క్రూసియేట్ లిగమెంట్‌ను (కీలు నడుమ ఎముకలను కట్టేది) ఈ పద్ధతిలో నమ్మకంగా తేల్చలేం. ఆటలో మోకాలు మెలితిరిగి, టక్కున శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే వాచిందని పేషెంట్ చెబితే స్కాన్‌లో నీరు ఉందని రాసి, కీలు నడుమ ఉండే క్రూసియేట్ లిగమెంట్లు, మెనిస్కస్ ఈ పరీక్షకు పూర్తిగా అందవని, ఎంఆర్‌ఐ అవసరమని అదే రిపోర్టులో స్పష్టంగా రాయండి. "మోకాలు నార్మల్" అన్న ఒక్క మాట చూసి ఆ మనిషి మళ్లీ మైదానంలోకి దిగే ప్రమాదం ఉంది.