క్యారెట్ రోజూ తింటున్నా ఒంటికి పట్టడం లేదా?

సమస్య: నూనె మానేసి, రోజూ గిన్నెడు పచ్చి క్యారెట్, టమాటా ముక్కలు తింటున్నారు, అయినా విటమిన్ ఏ తక్కువగానే ఉందంటున్నారు.

కారణం: చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారేది), టమాటాలోని లైకోపీన్, ఆకుకూరల్లోని ల్యూటిన్, ఇవన్నీ కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలే, నీళ్లలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. క్యారెట్ వేపుడు దించాక మూకుడు అడుగున మిగిలిన నూనె చూడండి, నారింజ రంగు తేలి ఉంటుంది. పేగులోనూ అంతే, తిండిలో కొంచెం కొవ్వు ఉంటేనే పైత్యరసం సాయంతో ఆ రంగు లోపలికి వెళ్తుంది. 2004లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో సలాడ్ పెట్టి రక్తం పరీక్షిస్తే, అందులోకి చేరిన కెరోటినాయిడ్లు దాదాపు సున్నా.

పరిష్కారం: ఆ పూటే ఒక టీస్పూను నూనో నెయ్యో పడాలి, లేదా గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక గుడ్డు. పొద్దున సలాడ్ తిని రాత్రి నెయ్యి వేసుకుంటే లాభం లేదు.

సమస్య: నూనె వేసినా, ఆకుకూరల నుంచి అనుకున్నంత రావడం లేదు.

కారణం: ఆకులో కెరోటినాయిడ్లు ప్రోటీన్లతో అల్లుకుపోయి కణాల లోపల చిక్కుకుని ఉంటాయి. మామూలు తిండిలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ని 1 మైక్రోగ్రాము విటమిన్ ఏ కింద లెక్కగడతారు, నూనెలో కరిగించి ఇచ్చినదైతే 2 చాలు. తేడా అంత ఉంది!

పరిష్కారం: సన్నగా తరిగి, ఉడికించి, పప్పుగుత్తితో మెదపండి. మన తోటకూర పప్పు చూడండి, ఉడకడం, మెదపడం, చివర్లో తాలింపు, కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి, నాకైతే ఏ సలాడూ దానికి సాటి రాదు. అలాగని గంటలకొద్దీ మరిగించకండి. బొప్పాయి, మామిడి పండ్ల నుంచి ఆకుకూరల కంటే సులువుగా అందుతుంది.

సమస్య: అరచేతులు పసుపుపచ్చగా మారాయి.

కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే, క్యారెట్, గుమ్మడి లాంటివి మరీ ఎక్కువగా తిని ఉంటారు. తగ్గించండి, కొన్ని వారాల్లో పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే అది కామెర్లు కావచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇవన్నీ సరిగ్గా చేస్తున్నా విరేచనం జిడ్డుగా తేలుతుంటే, లేదా కొవ్వు ఒంటికి పట్టకుండా చేసే ఓర్లిస్టాట్ లాంటి మాత్ర వాడుతుంటే, లోపం వంటలో లేదు, డాక్టర్‌తో మాట్లాడాలి. రేచీకటి కనిపిస్తే మాత్రం క్యారెట్లతో సరిపెట్టుకుంటూ ఒక్క రోజు కూడా ఆగకండి, ముఖ్యంగా పిల్లల విషయంలో.