డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు: ఆ పరికరం ఏదో కనిపెట్టి సరైన డ్రైవర్ వేయడం ఎలా?

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్ లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ కొట్టి, విండోస్ 10 కొత్తగా ఎక్కించాడట. "మామయ్యా, అంతా బాగానే ఉంది గానీ డివైస్ మేనేజర్‌లో మూడు పసుపు గుర్తులు కనిపిస్తున్నాయి. ఒకదాని పేరే అన్‌నోన్ డివైస్ అని ఉంది. అన్ని డ్రైవర్లూ తనే వెతికి వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది, వేసేయనా?" అన్నాడు. (డ్రైవర్ అంటే విండోస్ ఒక పరికరాన్ని నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్, డివైస్ మేనేజర్ అంటే కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే చోటు.) వద్దన్నాను. అప్పటికే వేసేశాడని రెండు నిమిషాల తర్వాత ఒప్పుకున్నాడు. మూడు పసుపు గుర్తులూ అలాగే ఉన్నాయి, బ్రౌజర్ హోమ్‌పేజీ మాత్రం మారిపోయింది. అరగంటకోసారి డబ్బు కట్టమని ఒక పెట్టె తెర మూల నుంచి లేస్తోంది.

ముందు దాన్ని తీయించాను. తర్వాత ఫోన్‌లోనే మూడింటి సంగతీ తేల్చాం. గంట కూడా పట్టలేదు. ఎందుకంటే విండోస్ 'తెలియదు' అన్న పరికరం కూడా తన పేరు తనే చెప్పుకుంటుంది. దాన్ని చదవకుండా డౌన్‌లోడ్లు మొదలుపెడితేనే తిప్పలన్నీ.

ముందు డివైస్ మేనేజర్ తెరవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో డివైస్ మేనేజర్ ఉంటుంది. తెరవగానే 'అదర్ డివైసెస్' అనే విభాగం కనిపిస్తే, డ్రైవర్ దొరకని పరికరాలన్నీ అందులో ఉంటాయి. ఒక్కోదాని పక్కన పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. ఆ విభాగమూ లేక, మిగతా చోట్లా ఎక్కడా పసుపు గుర్తు లేకపోతే మీకు దాదాపు సమస్య లేనట్టే. ఒక్క స్క్రీన్ సంగతి మాత్రం చూసుకోండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే, పసుపు గుర్తు లేకపోయినా గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం. వీడియోలు తడబడుతున్నా, స్క్రీన్ వెలుతురు తగ్గించే మీటలు పనిచేయకపోయినా ముందు అనుమానించాల్సింది దాన్నే.

కొన్ని పేర్లు చూసి కంగారు పడతాం గానీ, అవి ఏళ్ల తరబడి అవే. 'ఎస్ఎం బస్ కంట్రోలర్' అని ఉంటే మదర్‌బోర్డు చిప్‌సెట్ (దాని మీది భాగాలను కలిపే చిప్‌లు) డ్రైవర్ వేస్తే పోతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్' ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, అంటే ఇంటెల్ చిప్‌సెట్‌లో విడిగా పనిచేసే ఒక చిన్న భాగం. పేరులో కమ్యూనికేషన్ ఉంది కదా అని వైఫై డ్రైవర్లు వేసి చూసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, నేనూ ఒకప్పుడు అదే చేశాను. వైఫై అయితే 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని, కేబుల్ పెట్టే లాన్ అయితే 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అని వస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో 'బేస్ సిస్టమ్ డివైస్' అంటే ఎక్కువసార్లు మెమరీ కార్డు పెట్టే స్లాటే.

మా వాడి మూడింటిలో రెండు ఇలా పేరుతోనే తేలిపోయాయి. మూడోది అన్‌నోన్ డివైస్. దానికి నంబరు చదవాల్సిందే.

పరికరం నంబరు చదవడం

పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, ప్రాపర్టీ అనే జాబితాలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. కింద నాలుగైదు పొడుగాటి వరుసలు వస్తాయి. అన్నింటికన్నా పై వరుసలో వివరం ఎక్కువ. దాని మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టండి, చూసి టైప్ చేయకండి. సున్నాని ఓ అక్షరం అనుకుని గంట వృథా చేసుకున్న అనుభవంతో చెబుతున్నాను. పీసీఐ, యూఎస్‌బీ పరికరాల నంబర్లలో అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు మాత్రమే వస్తాయి, ఓ రానే రాదు.

వరుస 'పీసీఐ' (మదర్‌బోర్డుకి నేరుగా కలిసే చిప్‌లు, కార్డులు) అని మొదలైతే అందులో వీఈఎన్ అనే మూడక్షరాల తర్వాత నాలుగు స్థానాల నంబరు ఒకటి, డీఈవీ తర్వాత మరొకటి ఉంటాయి. మనకు ఇది అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే మన పేర్ల పద్ధతే. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. వీఈఎన్ చిప్ తయారుచేసిన కంపెనీ, డీఈవీ ఆ కంపెనీలో ఆ చిప్.

ఇంటిపేర్లు కొన్ని గుర్తుంటే చాలు, సగం పని అయినట్టే. 8086 అంటే ఇంటెల్. 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ నంబరే అది. 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ గ్రాఫిక్స్, 10ఈసీ రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ ఆథెరోస్, 14సీ3 మీడియాటెక్. ఉదాహరణకు మీకు 10ఈసీ, 8168 కనిపించాయంటే అది రియల్‌టెక్ వారి గిగాబిట్ లాన్ చిప్, లెక్కలేనన్ని మదర్‌బోర్డుల్లో ఉంటుంది. 14సీ3, 7961 అయితే మీడియాటెక్ వైఫై 6 కార్డు.

అదే వరుసలో ఎస్‌యూబీఎస్‌వైఎస్ అని ఇంకో ఎనిమిది స్థానాల నంబరు ఉంటుంది. దాని చివరి నాలుగు స్థానాలు ఆ చిప్‌ని ఏ కంపెనీ తన మెషీన్‌లో పెట్టిందో చెబుతాయి. 1028 అయితే డెల్, 103సీ అయితే హెచ్‌పీ, 17ఏఏ అయితే లెనోవో. స్టిక్కర్లన్నీ ఊడిపోయిన ల్యాప్‌టాప్ చేతికొస్తే ఇది భలే ఉపయోగం.

యూఎస్‌బీ పరికరాలకూ ఇదే పద్ధతి, అక్షరాలు మాత్రం వీఐడీ, పీఐడీ. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు తక్కువ ధరకు దొరికే ఆర్డునో నానో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులు కొని, కంప్యూటర్‌కి పెడితే గుర్తుపట్టట్లేదని అడుగుతుంటారు. చూస్తే వీఐడీ 1ఏ86, పీఐడీ 7523. అది సీహెచ్340 అనే చిప్. దాని డ్రైవర్ వేస్తే, కంప్యూటర్ బోర్డుతో మాట్లాడే దారి అయిన కామ్ పోర్టు వచ్చేస్తుంది. అసలు ఏమీ కనిపించకపోతే మాత్రం ముందు కేబుల్ మార్చండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయ్యుంటుంది.

ఇక మా వాడి మూడోది. వరుస పీసీఐ అని కాకుండా 'ఏసీపీఐ' అని మొదలైంది, తర్వాత ఎస్ఎంఓ8800. ఏసీపీఐ అంటే బయాస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ద్వారా విండోస్‌కి పరిచయమయ్యే పరికరాలు. చాలావరకు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టుకున్న ప్రత్యేకమైన సెన్సర్లు, మీటలు. ఎస్ఎంఓ8800 అంటే డెల్ ఫ్రీ ఫాల్ సెన్సర్. ల్యాప్‌టాప్ చేతిలోంచి జారి కింద పడుతోందని గాల్లో ఉండగానే కనిపెట్టి, హార్డ్‌డిస్క్ లోపలి ముల్లుని పక్కకు లాగేస్తుంది, నేలను తాకే దెబ్బకి డిస్క్ గీసుకుపోకుండా. హెచ్‌పీలో ఇలాంటిదే హెచ్‌పీక్యూ0004 అని కనిపిస్తుంది.

నంబరు పట్టుకుని ఎక్కడ వెతకాలి?

వీఈఎన్ నుంచి డీఈవీ నంబరు వరకు ఉన్న ముక్కని సెర్చ్‌లో వేస్తే చాలు, చిప్ పేరు వస్తుంది. కాకపోతే వచ్చే ఫలితాల్లో మొదటివి చాలావరకు 'డ్రైవర్ ఇక్కడ డౌన్‌లోడ్ చేయండి' అనే సైట్లే. వాటి నుంచి పేరు తెలుసుకోండి, ఫైలు మాత్రం తీసుకోకండి. పేరు కోసమే అయితే పీసీఐ ఐడీ రిపాజిటరీ అనే ఉచిత జాబితా ఉంది, లినక్స్ వాడేదీ దాన్నే.

ఫైలు ఎక్కడ తీసుకోవాలంటే నా వరస ఇది. మొదట విండోస్ అప్‌డేట్. మామూలు అప్‌డేట్లు అయ్యాక కూడా డ్రైవర్లు 'ఆప్షనల్ అప్‌డేట్స్' అనే చోట విడిగా దాగి ఉంటాయి, చాలామంది అక్కడిదాకా వెళ్లరు. విండోస్ 11లో అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఉంటుంది. సగం పసుపు గుర్తులు అక్కడే పోతాయి.

పోకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ. డెల్ అయితే అడుగున ఉండే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీ, లెనోవో అయితే సీరియల్ నంబరు కొడితే ఆ మెషీన్‌కి సరిపడే డ్రైవర్లు మాత్రమే చూపిస్తుంది. టచ్‌ప్యాడ్, సెన్సర్లు, ప్రత్యేక మీటల డ్రైవర్లు ఇక్కడే తీసుకోవాలి. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మోడల్ కావాలి. దానికి క్యాబినెట్ విప్పక్కర్లేదు. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే 'బేస్‌బోర్డ్ ప్రొడక్ట్' అనే వరుసలో ఉంటుంది.

పాత మెషీన్లకు కంపెనీ పేజీలో విండోస్ 10 డ్రైవర్లు ఉండకపోవచ్చు. విండోస్ 8.1కి లేదా 7కి ఇచ్చినవి చాలాసార్లు పనిచేస్తాయి. కానీ 64 బిట్ విండోస్‌కి 64 బిట్ డ్రైవరే కావాలి, అక్కడ బేరం లేదు. గ్రాఫిక్స్‌కి మాత్రం ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ సొంత సైట్లలో కొత్తవి దొరుకుతాయి.

ఇవేవీ కుదరకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. అక్కడి వెతుకు పెట్టెలో హార్డ్‌వేర్ ఐడీనే అతికించవచ్చు. వచ్చేది క్యాబ్ ఫైలు, అంటే జిప్ లాంటి మూట, దాన్ని 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి.

వేయడం

సెటప్ ఫైలు దొరికితే చెప్పేదేముంది, డబుల్ క్లిక్. ఒకటికి మించి ఉంటే చిప్‌సెట్‌ది ముందు వేయండి, రీస్టార్ట్ చేయండి, ఆ తర్వాతే మిగతావి. మా వాడికి చిప్‌సెట్ వేయగానే ఎస్ఎం బస్ మాయమైంది, మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్‌తో రెండోదీ పోయింది.

సెటప్ లేకుండా ఫోల్డర్ మాత్రమే ఉంటే, అందులో ఐఎన్‌ఎఫ్ అని ముగిసే ఫైలు ఉందో లేదో చూడండి. డ్రైవర్‌కి అదే చిరునామా చీటీ లాంటిది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ పరికరం నంబరు వెతికితే, అది కనిపిస్తే డ్రైవర్ సరైనదే. ఇన్‌స్టాల్ చేయకముందే తెలిసిపోతుంది, ఈ చిన్న పని ఎవరూ చేయరు. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, 'బ్రౌజ్ మై కంప్యూటర్', ఫోల్డర్ చూపించడం, అంతే.

వైఫై డ్రైవరే లేకపోతే డౌన్‌లోడ్ ఎలా అని టెన్షన్ పడొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర ఉండే 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. లాన్ కేబుల్ పెట్టినట్టే నెట్ వచ్చేస్తుంది. విండోస్ 11 సెటప్ మధ్యలో నెట్ అడిగి కదలకుండా కూర్చున్నప్పుడూ ఇదే ఉపాయం.

సెటప్‌లోనే అసలు డిస్కే కనిపించకపోవడం ఇంకో రకం. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో జరుగుతుంది. ఎస్ఎస్‌డీ పోయిందని షాపుకి పరిగెత్తకండి. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

డ్రైవర్ వేసినా పోకపోతే

ప్రాపర్టీస్ మొదటి ట్యాబ్‌లో ఒక కోడ్ ఉంటుంది. 28 అంటే డ్రైవర్ అసలు పడలేదు. 10 అంటే పడింది గానీ పరికరం మొదలవ్వట్లేదు, ఇంకో వెర్షన్ వేసి చూడాలి. బాగా పనిచేస్తున్నది కొత్త డ్రైవర్ తర్వాత చెడితే, డ్రైవర్ ట్యాబ్‌లో పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్లే 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంది. 43 మాత్రం వేరే కథ, పరికరమే తనకు బాగాలేదని చెప్పినప్పుడు వస్తుంది. యూఎస్‌బీ పరికరానికి 43 వచ్చి, వీఐడీ 0000, పీఐడీ 0002 అని ఉంటే ఇక డ్రైవర్లు వెతక్కండి. అది తన పేరు కూడా చెప్పలేని స్థితిలో ఉంది. కేబుల్, పోర్టు మార్చి చూడండి, ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే పరికరం పోయినట్టే.

అన్నీ కుదిరాక సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, దాని లోపలి ఫైల్‌రిపాజిటరీ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. కొన్ని జీబీలు ఉంటుంది. మళ్లీ ఫార్మాట్ కొట్టినప్పుడు అప్‌డేట్ డ్రైవర్‌కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. అసలు తెలివైన వాళ్లు ఈ పని ఫార్మాట్‌కి ముందే చేస్తారు. మా వాడికి ఆ మాట చెబితే "ముందే చెప్పాల్సింది మామయ్యా" అన్నాడు.

మిగిలింది ఆ ఫ్రీ ఫాల్ సెన్సర్. వాడి ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేసి అమ్మారు. ఎస్ఎస్‌డీలో తిరిగే డిస్కూ లేదు, పక్కకు లాగాల్సిన ముల్లూ లేదు. ఆ డ్రైవర్ వేసినా వేయకపోయినా వాడికి ఒరిగేదేమీ లేదని చెప్పాను. సరేనన్నాడు. రాత్రి పదకొండింటికి స్క్రీన్‌షాట్ పంపాడు. సర్వీస్ ట్యాగ్ కొట్టి, డ్రైవర్ తెచ్చి వేసేశాడు. జాబితాలో పసుపు చుక్క ఒక్కటి కూడా లేదు.