ఆర్వీలో గల్ఫ్ ఒడ్డుకు: మా లెక్కలు, మా తిప్పలు

ఆర్వీ, అంటే వంటగది, పడకలు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి, వేసుకుని టెక్సాస్‌లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం దగ్గర నాలుగు రాత్రులు ఉండి వచ్చామనగానే ఇక్కడ డాలస్‌లో మావాళ్లు అడిగే మొదటి మాట, "బండి ఎక్కడ తీసుకున్నారు?" బండి ఎక్కడైనా దొరుకుతుంది. రాత్రికి దాన్ని నిలబెట్టుకునే చోటు దొరకడమే కష్టం. కాబట్టి ముందు క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ చోటు, అంటే సైట్ బుక్ చేయండి. ఎన్ని అడుగుల బండి పడుతుందో బుక్ చేసే చోటే రాసి ఉంటుంది. దాన్నిబట్టి బండి చూసుకోండి. మొదటిసారి మేము తలకిందులుగా చేశాం. ముప్పై అడుగుల బండికి అడ్వాన్స్ కట్టేశాక చూస్తే, మాకు నచ్చిన సైట్‌లో అది పట్టదు. అడ్వాన్స్‌లో సగం పోయింది. ఇప్పుడు మేము తీసుకునేది 25 అడుగుల క్లాస్ సీ, అంటే వ్యాను ముందుభాగం మీద కట్టిన మధ్యరకం ఆర్వీ. మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు.

టెక్సాస్ స్టేట్ పార్కుల్లో సైట్లు ఐదు నెలల ముందు నుంచి ఇస్తారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల వారం కావాలంటే జూన్ చివర్లోనే కూర్చోవాలి. శుక్ర, శనివారాలు ముందు అయిపోతాయి. పిల్లల బడి సంగతి చూసుకుని ఆదివారం వెళ్లి గురువారం వచ్చేట్టు పెట్టుకుంటే మాకు నెల ముందు కూడా దొరికాయి.

ఏ కాలంలో వెళ్లాలి? తుఫాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆగస్టు, సెప్టెంబరు అసలు వద్దు. నాది బాపట్ల. 1977 నవంబరు ఉప్పెన కథలు వింటూ పెరిగినదాన్ని, గాలి విషయంలో ధైర్యాలు చేయను. 2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ తుఫాను తీరం దాటింది సరిగ్గా మేము వెళ్లే రాక్‌పోర్ట్ పక్కనే. అక్టోబరు చివర, నవంబరు మాకు నచ్చిన రోజులు. లేదంటే మార్చిలో బడుల సెలవులు, ఆ స్ప్రింగ్ బ్రేక్ గోల అయిపోయాక ఏప్రిల్. బయల్దేరే వారం ముందు నుంచి తుఫాను హెచ్చరికలు రోజూ చూడండి. క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి వస్తుందో బుక్ చేసేటప్పుడే చదువుకోండి.

మేము రెండు చోట్ల దిగుతాం. మొదటి రెండు రాత్రులు రాక్‌పోర్ట్ దగ్గర గూస్ ఐలాండ్ స్టేట్ పార్క్. అక్కడ సైట్ దగ్గరే నీళ్లు, కరెంటు ఉంటాయి. నీటి అంచున కొన్ని సైట్లు, ఓక్ చెట్ల కింద కొన్ని. అంచున ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి కానీ గాలి కొట్టేస్తుంది. అత్తయ్యగారు వస్తే చెట్ల కిందే తీసుకుంటాం, దోమల మందు రెండు డబ్బాలు ఎక్కువ పెట్టుకుని. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి, అక్కడ స్నానానికి దిగే బీచ్ లేదు. ఒడ్డంతా కాంక్రీటు, ఆల్చిప్పలు, బురద. పిల్లలు ఆడుకోవాలంటే రాక్‌పోర్ట్ బీచ్‌కి వెళ్లాల్సిందే. అయితే చేపలు పట్టుకునేవాళ్లకు పండగ. నీళ్లలోకి వంతెనలా కట్టిన 1,620 అడుగుల పొడవు పియర్ ఉంది, స్టేట్ పార్కులో ఒడ్డు మీద నుంచో పియర్ మీద నుంచో పడితే లైసెన్స్ అక్కర్లేదు. మామయ్యగారు పొద్దున్నే గాలం పట్టుకుని వెళ్తే పదింటికి గానీ రారు. వెయ్యేళ్ల పైబడిన ఓక్ చెట్టు పార్కు పక్కనే ఉంది, హార్వీకి కూడా పడలేదు. నవంబరు నుంచి మార్చి దాకా అయితే వూపింగ్ క్రేన్లు కెనడా నుంచి వచ్చి ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 1941లో ఈ కొంగలు మొత్తం కలిపి పాతిక కూడా లేవట. బైనాక్యులర్స్ మర్చిపోకండి.

తర్వాతి రెండు రాత్రులు పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్‌లో, మాలకీట్ క్యాంప్‌గ్రౌండ్. ఎదురుగా గల్ఫ్, అసలైన సముద్రం. కానీ సైట్ దగ్గర నీళ్లూ ఉండవు, కరెంటూ ఉండదు. నీళ్లు నింపుకునే చోటు, మురికినీళ్లు ఖాళీ చేసే డంప్ స్టేషన్ విడిగా ఉంటాయి. అసలు ప్లానింగ్ అంతా ఈ రెండు రోజులకే.

బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్లది, గిన్నెలు, స్నానాల నీళ్లు పోయే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. మా బండిలో మంచినీళ్లు 35 గ్యాలన్లు. ఇంట్లో ఒకరి స్నానానికే అందులో సగం పోతుంది. మొదటి ట్రిప్పులో నేను ఇంట్లో వండినట్టే వండాను. బియ్యం మూడుసార్లు కడిగి, పప్పు, చారు, వేపుడు, అన్నింటికీ తలా ఒక గిన్నె. పాడ్రేలో రెండో రోజు సాయంత్రం మా అమ్మాయి స్నానానికి వెళ్లి కేక పెట్టింది. షవర్ తొట్టిలో అడుగున చారు రంగు నీళ్లు, పైన ఒక కరివేపాకు రెబ్బ తేలుతోంది. గ్రే ట్యాంకు నిండితే నీళ్లు వెనక్కి వచ్చేది అన్నిటికంటే కిందున్న షవర్ తూములోంచే. ఆ సంగతి అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. దారికి పులిహోర. సాంబారు, కూరలు ఇంట్లోనే చేసి డబ్బాల్లో గడ్డకట్టించి తెస్తాను, బియ్యం కడిగి ఆరబెట్టి తెస్తాను. పాడ్రేలో వండేది అన్నం ఒక్కటే. పళ్లేలు కాగితంవి, గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి తర్వాతే నీళ్లు. నూనె సింక్‌లో పొయ్యొద్దు. పోపు పెట్టే ముందు పైన ఫ్యాన్ వేసి కిటికీ తీయండి, లేకపోతే ఎండుమిర్చి ఘాటుకు స్మోక్ అలారం మోగి పక్క సైట్ వాళ్లు బయటికొస్తారు.

అందరికీ అడగాలని ఉండి అడగనిది టాయిలెట్ గురించి. మగ్గు వాడొచ్చు, నిశ్చింతగా. నిజానికి బ్లాక్ ట్యాంకుకు నీళ్లు ఎక్కువ పడితేనే మంచిది, కాగితం ఒక్కటే వేసేవాళ్లకే అడ్డుపడుతుంది. కాకపోతే ఆ నీళ్లు కూడా ఆ 35 గ్యాలన్లలోవే. మేము పాడ్రేలో వీలైనంతవరకు క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్లకే వెళ్తాం. ఖాళీ చేసేటప్పుడు గ్లవుజులు వేసుకుని, గొట్టం రెండు వైపులా బిగిసిందో లేదో లాగి చూసి, ముందు బ్లాక్ వాల్వ్ తీయాలి. అది పూర్తిగా పోయాక గ్రే. సబ్బునీళ్లకు గొట్టం కడుక్కుపోతుంది. ఇది మా ఆయన డ్యూటీ. మొదటిసారి యూట్యూబ్ చూస్తూ నలభై నిమిషాలు తీసుకున్నారు, ఇప్పుడు పది.

గూస్ ఐలాండ్‌లో కరెంటు ఉంది కదా అని అన్నీ ఒకేసారి పెట్టకండి. 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లే. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ వేశామంటే బ్రేకర్ పడిపోతుంది.

డాలస్ నుంచి రానుపోను, అక్కడ తిరుగుడుతో కలిపి మాకు 900 మైళ్లు. గ్యాలన్‌కు తొమ్మిది మైళ్లు ఇచ్చింది, అంటే వంద గ్యాలన్ల పెట్రోలు. అద్దెతో పాటు ఇదీ రాసుకోండి. బండిలో ఉండే జనరేటర్‌కు గంటల లెక్కన అద్దె వేస్తారు, అదీ అడగండి.

ఇక సముద్రం. పాడ్రేలో లైఫ్‌గార్డులు ఉండరు. ఒడ్డున నీలంగా, గాలి ఊదిన కవరులా మెరిసే జెల్లీచేపలాంటి జీవి కనిపిస్తే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, చచ్చి పడున్నా కుడుతుంది. నీళ్లలో పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి, అడుగున పడుకున్న, తోకముల్లుతో పొడిచే టేకు చేపలు అలికిడికి తప్పుకుంటాయి. బండిని ఇసుకలోకి దించొద్దు.

వేసవిలో ఒక్కసారి వెళ్లాం, తాబేలు పిల్లల కోసం. కెంప్స్ రిడ్లీ పిల్లల్ని పొద్దున్నే మాలకీట్ బీచ్‌లో సముద్రంలోకి వదులుతారు. మా సూర్యలంకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీకి చుట్టమే. అత్తయ్యగారు ఇసుకలో చతికిలబడి, "మన తాబేళ్లేనే ఇవి," అన్నారు.

బయల్దేరే ముందు బండి చుట్టూ ఒక్కసారి నడవండి. బండి పక్కకు నీడ కోసం చాపిన గుడ్డ చుట్టారా, కరెంటు తీగ తీశారా, పైన కిటికీ మూశారా, మెట్టు లోపలికి వెళ్లిందా. మేము కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటించుకున్నాం. అయినా కిందటిసారి గేటు దాకా వచ్చాక వెనక నుంచి నేనే అరవాల్సి వచ్చింది: "ఏవండీ, మెట్టు!"