ఇంగ్లీషులో ‘సర్’ ఎక్కడ, ఎలా రాయాలి

ఇంగ్లీషు ‘సర్’ చూడ్డానికి ఒకటే గానీ, చేసే పనులు రెండు. ఒకటి ‘నైట్‌హుడ్’ అనే గౌరవంతో పాటు బ్రిటన్ రాజో రాణో ఇచ్చే బిరుదు (ఆ గౌరవం పొందినవాణ్ణి ‘నైట్’ అంటారు). అది పేరుకు ముందు వస్తుంది. రెండోది ఎదుటి మగవాణ్ణి మర్యాదగా పిలిచే పిలుపు. దానికి పేరుతో పనే లేదు. తప్పుల్లో చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

మాట పుట్టింది లాటిన్ ‘సెనియర్’ నుంచి. అర్థం ‘వయసులో పెద్ద’. పాత ఫ్రెంచిలో అది ‘సైర్’ అయి, ఇంగ్లీషులోకి వచ్చాక పేరుకు ముందు ఒత్తు లేకుండా పలికీ పలికీ ‘సర్’గా కుంచించుకుపోయింది. 13వ శతాబ్దం చివరికే నైట్‌ల పేర్ల ముందు ఉంది. స్పానిష్ సెన్యోర్, ఇటాలియన్ సిన్యోరె, ఫ్రెంచి మెస్యూలో రెండో సగం, అన్నీ దీని దాయాదులే. అంటే మూలంలో ఇది మన ‘పెద్దాయన’. ‘స్లేవ్ ఐ రిమైన్’ (నేను బానిసగానే ఉంటాను)కు పొట్టి రూపమని తిరిగే సందేశం శుద్ధ అబద్ధం. మొదటి అక్షరాలు కూర్చి మాటలు చేసే అలవాటు బాగా పాకింది 20వ శతాబ్దంలో. ‘సర్’ అప్పటికే ఆరేడు వందల ఏళ్ల పాతది.

ఇక బిరుదు. దాని పక్కన ఉండాల్సింది సొంత పేరు, ఇంటిపేరు కాదు. ఆన్ రాణి 1705లో కేంబ్రిడ్జిలో నైట్‌హుడ్ ఇచ్చాక న్యూటన్ ‘సర్ ఐజాక్ న్యూటన్’ అయ్యాడు. పొట్టిగా అయితే ‘సర్ ఐజాక్’. ‘సర్ న్యూటన్’ అన్న రూపమే లేదు. భార్య దగ్గర లెక్క తిరగబడుతుంది: ‘లేడీ’ పక్కన ఇంటిపేరే రావాలి. 1953లో విన్‌స్టన్ చర్చిల్ ‘సర్ విన్‌స్టన్’ అయితే, ఆయన భార్య క్లెమెంటైన్ ‘లేడీ చర్చిల్’ అయింది. ‘లేడీ క్లెమెంటైన్’ అని రాస్తే ఆమెను డ్యూక్, ఎర్ల్ లాంటి ఏ పై మెట్టు ప్రభువుకో కూతుర్ని చేసినట్టే. నైట్‌హుడ్‌కు సమానమైన గౌరవం తానే పొందిన స్త్రీకి ‘డేమ్’, అక్కడ మళ్లీ సొంత పేరు.

కవరు మీద హోదా కూడా రాయాల్సి వస్తే అది సర్‌కు ముందు వస్తుంది: ‘ప్రొఫెసర్ సర్ రోజర్ పెన్‌రోజ్’. ‘మిస్టర్’కు మాత్రం అక్కడ చోటు లేదు. లోపల ఉత్తరం ‘డియర్ సర్ రోజర్’ అని మొదలవుతుంది.

ఎవరికి సర్ పెట్టాలో తేల్చుకోవడానికి పేరు తర్వాత తగిలించే గౌరవాల పొట్టి అక్షరాలు చూడండి. ‘ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్’ అనే గౌరవాల్లో పై రెండు మెట్లైన జీబీఈ, కేబీఈ ఉంటే మామూలుగా సర్ ఉంటుంది. కింది మెట్లైన సీబీఈ, ఓబీఈ, ఎంబీఈలు కూడా గౌరవాలే గానీ వాటితో సర్ రాదు. ఏ అక్షరాలూ లేనంత మాత్రాన నైట్ కాదనుకోకండి. ఇలాంటి ఏ వర్గంలోనూ చేరని నైట్‌లు, అంటే నైట్ బ్యాచిలర్లు, సాధారణంగా ఏమీ తగిలించుకోరు. నైట్ బిరుదు పొందినవాడితోనే పోతుంది. 1611లో మొదటి జేమ్స్ రాజు మొదలుపెట్టిన ‘బారోనెట్’ అనే వంశపారంపర్య హోదా ఉన్నవాళ్లకూ సర్ ఉంది, కాకపోతే అది వారసుడికి దక్కుతుంది.

చాలామంది జారిపడేది గౌరవ నైట్‌హుడ్ దగ్గర. బ్రిటన్ రాజును తమ రాజుగా ఒప్పుకోని దేశాల పౌరులకు ఇచ్చేది ఇదే. వాళ్లు పేరు చివర అక్షరాలు పెట్టుకోవచ్చు, ముందు సర్ పెట్టుకోకూడదు. ఐర్లండ్ గాయకుడు బాబ్ గెల్డాఫ్‌కు 1986లో, అమెరికావాడు బిల్ గేట్స్‌కు 2005లో దక్కింది ఇదే. ‘సర్ బాబ్’ అని పత్రికల్లో కనిపించినా అది తప్పే.

పిలుపుగా వాడేటప్పుడు పేరు అసలు రాకూడదు. మనకు ‘గారు’ పేరు చివర తగిలించే అలవాటు కాబట్టి ‘స్మిత్ సర్’ అని సహజంగా వచ్చేస్తుంది. ఇంగ్లీషువాడికి అది వింతగా వినిపిస్తుంది. పేరు కావాలంటే ‘మిస్టర్ స్మిత్’, వద్దంటే ఉత్త ‘సర్’. ‘యెస్’కూ ‘సర్’కూ మధ్య కామా పెట్టాలి, ‘సర్’ మొదట్లోని ఎస్ చిన్నక్షరం. అదే ‘డియర్ సర్’లో అయితే పెద్దక్షరం. మాటమాటకీ సర్ అంటే సైనికుడు పై అధికారికి జవాబిస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఒకసారి, సెలవు తీసుకుంటూ ఒకసారి చాలు.

ఉత్తరం ముగింపు మొదటి పలకరింపును బట్టి ఉంటుంది. బ్రిటన్ పద్ధతిలో ‘డియర్ సర్’ అని మొదలెడితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, ‘డియర్ మిస్టర్ స్మిత్’ అని మొదలెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’. చదివేది ఆడో మగో తెలియకపోతే ‘డియర్ సర్ ఆర్ మేడమ్’. దానికంటే పేరు కనుక్కుని రాయడం ఎప్పుడూ మేలు. అమెరికాకు రాస్తే ‘డియర్ సర్’ తర్వాత కామా బదులు కోలన్ పెట్టండి.