చేలో పెట్టే సోలార్ బోర్డుకు ఎస్ఎండీ ఇండక్టర్ ఎంచుకోవడం

మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రాపూర్ వైపు చేలల్లో సోలార్ మీద నడిచే కంట్రోల్ బోర్డు పెట్టాలంటే, 12 వోల్టుల బ్యాటరీని 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ కావాలి. దానిలోని ఇండక్టర్‌ను, అంటే కరెంటు హెచ్చుతగ్గుల్ని అదిమే తీగచుట్టను (ఎస్ఎండీ అంటే బోర్డు పైనే సోల్డరు చేసే రకం), బల్ల మీద చల్లగా పరీక్షించి సరేననుకుంటే మే నెలలో మోసపోతాం.

ముందు ఇండక్టెన్స్ విలువ. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జవుతుంటే 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది, లెక్క దానితోనే వేయాలి. లోడు 1 ఆంపియర్, స్విచింగ్ (చిప్ సెకనుకు ఆన్-ఆఫ్ అయ్యే వేగం) 500 కిలోహెర్ట్జ్, రిపుల్ (కరెంటు పైకీ కిందికీ ఊగే మొత్తం) 0.35 ఆంపియర్ అనుకుందాం. 5ని 14.4తో భాగిస్తే డ్యూటీ, అంటే స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, 0.347. మిగిలిన 9.4 వోల్టులను దానితో గుణించి, ఆ వచ్చినదాన్ని 500000తో, మళ్లీ 0.35తో భాగించండి. సుమారు 18.7 మైక్రోహెన్రీలు వస్తుంది. బజారులో దొరికేది 22. దానితో కరెంటు పైకొస 1.15 ఆంపియర్లు, విలువ 20 శాతం తక్కువున్న ఇండక్టర్ ముక్క తగిలితే 1.19.

అలాగని 1.2 ఆంపియర్ల ముక్క కొనకండి. శాచురేషన్ కరెంటంటే ఇండక్టెన్స్ ఫలానా శాతం పడిపోయే చోటు. ఆ శాతం ఒక కంపెనీకి 10, ఇంకో కంపెనీకి 30. డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవకుండా రెండు ముక్కల్ని పోల్చలేం. పైగా ఆ అంకె మామూలుగా 25 డిగ్రీల దగ్గరది. ఫెరైట్ (తీగ లోపలి అయస్కాంత పదార్థం) వేడెక్కితే ఇంకా ముందే శాచురేట్ అవుతుంది, ఇండక్టెన్స్ ఒక్కసారిగా పడిపోతుంది. అవుట్‌పుట్ షార్టయితే కరెంటు చిప్ లిమిట్ దాకా పోతుంది. ఆ లిమిట్ 2 ఆంపియర్లయితే, డేటాషీట్‌లోని 100 డిగ్రీల గ్రాఫులో కూడా 2 దాటి తట్టుకునే ముక్కే తీసుకోండి.

డేటాషీట్‌లో రాసే ఆర్ఎంఎస్ కరెంటు (వేడి లెక్కకు వాడే సగటు లాంటిది) వేరే సంగతి, అది తీగ వేడికి సంబంధించింది. చాలా డేటాషీట్లలో 40 డిగ్రీలు పెరిగే కరెంటునే రాస్తారు. బయట 47 డిగ్రీలుంటే రేకు డబ్బా లోపల 70 అనుకోండి. 40 కలిపితే 110. ముక్క హద్దు 125 అయితే మిగిలేది 15 డిగ్రీలే.

డీసీ రెసిస్టెన్స్, అంటే తీగ నిరోధం, 0.1 ఓమ్ లోపుంటే మంచిది. దాన్ని మామూలు మల్టీమీటర్‌తో కొలవొద్దు, ప్రోబు వైర్లకే అంతకు మించి ఉంటుంది. 1 ఆంపియర్ పంపి, ముక్క రెండు కొసల మీద మిల్లీవోల్టులు చూడండి. 100 మిల్లీవోల్టులంటే 0.1 ఓమ్.

ముక్క మీద 220 అని ఉంటే 22 మైక్రోహెన్రీలే. 220 మైక్రోహెన్రీల ముక్క మీద 221 అని ఉంటుంది. ఈ పొరపాటు రిపేరు బల్ల మీద మాటిమాటికీ జరుగుతుంది. పక్కన రేడియో మాడ్యూలుంటే షీల్డున్నదే (అయస్కాంత క్షేత్రం బయటికి పోకుండా మూత ఉన్నదే) వాడండి. ముక్క మీది చుక్క గుర్తు తీగ చుట్టడం మొదలైన కొసను చూపిస్తే, ఆ కొసను స్విచ్ నోడు (చిప్‌లోని స్విచ్ ఇండక్టర్‌కు కలిసే చోటు) వైపు పెట్టండి. బయటి చుట్లు లోపలి చుట్లకు తెరలా పనిచేసి నాయిజ్ తగ్గుతుంది.

సోల్డరింగ్ ఐరన్ మొనతో ముక్కను పక్కకు నెట్టవద్దు. వెంట్రుకంత తీగ టెర్మినల్ దగ్గర తెగుతుంది, లేదా ఫెరైట్‌లో కంటికి కనబడని పగులు వస్తుంది.

ఆఖరున బోర్డును డబ్బాలో మూసి, లోపల 70 డిగ్రీలకు తెచ్చి, పూర్తి లోడుతో రెండు గంటలు నడపండి. ఇండక్టర్‌కు వరసలో 0.1 ఓమ్ రెసిస్టర్ అవుట్‌పుట్ వైపు పెట్టి, దాని మీది వోల్టేజిని ఆసిల్లోస్కోపులో చూడండి. త్రికోణం గీతలు వంకర లేకుండా తిన్నగా ఉంటే సరే. కొస దగ్గర గీత కొడవలిలా పైకి వంగిందంటే ఒక సైజు పెద్దది వేయండి.