వంకలో కంప తీసి కానుగ పెట్టాలంటే

కంప, అదే సర్కారు తుమ్మ, మా కడప జిల్లాకు కొత్తేం కాదు. 1877లోనే జమైకా నుంచి విత్తనం తెప్పించి కమలాపురంలో నాటారు. పొయ్యిలోకి కట్టె దొరికింది గానీ, ఇప్పుడు పాపాఘ్నిలోకి పోయే మా వంకలో నీళ్లకు దారి లేదు. చేను దాన్ని ఆనుకునే ఉంది కాబట్టి ఈ కంపతో నాకు రోజూ పనే.

వంక పోరంబోకు. ముందు పంచాయతీలో, వీఆర్వో దగ్గర చెప్పుకోండి. ఉపాధి హామీలో పెట్టించగలిగితే కూలి బాధ తప్పుతుంది.

ఎండలు ముదిరి కాయ పండకముందే మొదలుపెట్టాలి, అదీ ఎగువ నుంచి. విత్తనం నీళ్ల వెంట దిగొస్తుంది మరి. వంకంతా ఒక్కసారే బోడి చేస్తే గట్టు కోసుకుపోతుంది. వానలకు మొక్క పెట్టగలిగినంత మేరే కొట్టండి.

నేలమట్టానికి నరికి ఇంటికి పోతే మోడు చుట్టూ గుంపుగా కొమ్మలు లేస్తాయి. గడ్డపారతో అడుగు లోతు తవ్వి చూడండి, మొదలు గడ్డలాగా ఉబ్బి ఉంటుంది. చిగుళ్లన్నీ పుట్టేది అక్కడే. దాని కిందికి పోయి తల్లివేరు నరికి గడ్డ పైకి లాగేయాలి. కింద మిగిలిన వేరును వదిలేయండి, కొన్నాళ్లు గట్టును పట్టుకునుంటుంది. జేసీబీ పెడితే గంటలో తెమిలిపోతుందంటారు, నేనొప్పుకోను. గట్టు ఊడిపోతుంది, సగం గడ్డలు మన్నులోనే ఉంటాయి. కాళ్లకు టైరు చెప్పులు, కొమ్మలు జరపడానికి పంగకర్ర ఉండాల. హవాయి చెప్పులతో దిగినోడు సూదిమందుకు పోవాల్సిందే.

లావు కట్టె బొగ్గులోళ్లు కొంటారు. ముళ్లకొమ్మలు మాత్రం దాచండి.

తొలకరి పడినాక నీళ్లు తగిలే అంచున వట్టివేరు దుబ్బులు చీల్చి జానెడు ఎడంతో పెట్టండి. దానిపైన వావిలి కొమ్మలు గుచ్చితే చాలు, నాటుకుంటాయి. గట్టు మీద కానుగ, ఏరుమద్ది, నేరేడు. నేరేడు గింజ ఆరితే మొలవదు, పండు తిన్న వారంలోపే పెట్టాలి. కానుగను, వావిలిని మేకలు పెద్దగా ముట్టవు. నేరేడును చిగురు కూడా మిగల్చవు. దాచిన ముళ్లకొమ్మల కాయలు దులిపేసి, వాటినే నేరేడు చుట్టూ దడి కట్టండి.

మందలోళ్లతో పోట్లాట వద్దు. మా చిన్నాయన మేకలకు ఎండాకాలం కంప కాయే మేత. విత్తనం అరక్కుండా పెంటికల్లో పడి మొలుస్తుంది, అదీ చిక్కు. కాయలు పిండి పట్టించి పెట్టమంటే ఇప్పుడు సరేనంటున్నాడు. శుభ్రం చేసిన చోటికి మొక్కలు ఎదిగేదాకా మంద తోలొద్దని మాట తీసుకోండి.

నేలలో పడిన విత్తనం ఏళ్లకేళ్లు ఉంటుంది. ప్రతి వానకూ పోయి, తడి ఆరకముందే కంపమొలకలను వేరుతో సహా చేత్తో పీకేయండి. మూరెడు ఎదిగిందంటే మళ్లీ గడ్డపార పట్టాల్సిందే.